డిజిటల్, హరిత పరివర్తనలు – దక్షిణ రాయలసీమ ఆర్థిక వ్యవస్థ

కంప్యూటరు, సెల్‌ఫోను, ఇంటర్నెట్ ఉత్పత్తిలోకీ అమ్మకాల్లోకీ చొరబడి లాభం వచ్చే దారులను మార్చడాన్ని డిజిటల్ పరివర్తన అంటారు. పరిశ్రమలు, రవాణా, సేద్యం బొగ్గునూ చమురునూ తగ్గించుకుని సౌర, పవన విద్యుత్తు వైపు, బ్యాటరీల వైపు మళ్లడం హరిత పరివర్తన. రెండూ పెట్టుబడిదారీ వ్యవస్థలో జరుగుతున్న మార్పులే కాబట్టి లాభం కనిపించని చోట రెండూ ఆగిపోతాయి. ఆ లాభం కనిపించేలా చేయడానికి ప్రభుత్వం చేతిలో మూడు పనిముట్లున్నాయి: దిగుమతి సుంకం, భూమి, రాయితీ. తిరుపతి, చిత్తూరు జిల్లాల గత పాతికేళ్ల పారిశ్రామిక చరిత్ర చాలావరకు ఈ మూడింటి చరిత్రే.

2022 ఏప్రిల్ 4న తిరుపతి ప్రత్యేక జిల్లా అయింది. అంతకు ముందు సంగతులు చెప్పేటప్పుడు చిత్తూరు జిల్లా అంటే పాత ఉమ్మడి జిల్లా అనుకోవాలి.

సిద్ధాంతం ఎంతవరకు

కొత్త సాంకేతికత పాత పరిశ్రమలను కూల్చి కొత్తవాటిని నిలబెడుతుందని జోసెఫ్ షుంపీటర్ 1942లో రాశాడు. ఆయన వాడిన ‘సృజనాత్మక విధ్వంసం’ అన్న మాట ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. కార్లోటా పెరెజ్ 2002లో ఆ ఆలోచనను పొడిగించి, ప్రతి సాంకేతిక విప్లవంలోనూ ముందు ద్రవ్య పెట్టుబడి ఎగబడుతుందనీ, సంక్షోభం తర్వాతే ఉత్పత్తి కుదురుకుంటుందనీ చూపింది. ఈ నమూనాల్లో ముందు నడిచేవాడు పారిశ్రామికుడు, అతని వెనక బ్యాంకరు. ప్రభుత్వం తర్వాత వస్తుంది. ఇక్కడి రేణిగుంటలోనో సత్యవేడులోనో మాత్రం వరస తిరగబడింది. ముందు ఢిల్లీలో ఒక సుంకం ఉత్తర్వు, అమరావతిలోనో హైదరాబాదులోనో ఒక జీవో, ఆ తర్వాత భూసేకరణ, చివరికి కంపెనీ. అందుకే ఈ ప్రాంతాన్ని అర్థం చేసుకోవడానికి షుంపీటర్ కన్నా కస్టమ్స్ నోటిఫికేషన్లు ఎక్కువ పనికొస్తాయి.

కుప్పం: తొలి ప్రయోగం

డిజిటల్, సౌర సాంకేతికతలు ఒకే చోట, ఒకే వ్యాపార ఆలోచనతో ఈ జిల్లాలోకి వచ్చింది 2002లో. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి నియోజకవర్గం కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అనే మూడేళ్ల ప్రాజెక్టును మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు. కంప్యూటర్లు ఎక్కించిన వ్యాను ఊరూరా తిరిగింది. అందరికీ గుర్తున్నది మాత్రం ఫొటోగ్రాఫర్లయిన మహిళలు. స్వయం సహాయక సంఘాల నుంచి కొందరిని ఎంచి వారికి డిజిటల్ కెమెరా, చేత పట్టుకుపోగల ప్రింటరు, దాన్ని నడిపే సౌర ఛార్జరు ఇచ్చారు. కరెంటు ఉన్నా లేకున్నా గుర్తింపు కార్డుకు కావలసిన ఫొటో అక్కడికక్కడే చేతికొచ్చేది. ఫొటో కోసం బస్సెక్కి కుప్పం పోయే ఖర్చు మిగిలేది.

కంపెనీ ఉద్దేశం దానధర్మం కాదు, దాన్ని దాచనూ లేదు. పేదలను సరుకు కొనేవారిగా చూడాలనే ఆలోచన అప్పట్లో మేనేజ్‌మెంటు గురువుల నోట బాగా నలిగింది. కుప్పం దానికి ప్రయోగశాల. 2005 ఫిబ్రవరిలో కార్లీ ఫియోరినా ఆ కంపెనీ అధినేత పదవి నుంచి వైదొలిగింది. ప్రాజెక్టు గడువు కూడా తీరింది, కంపెనీ పక్కకు తప్పుకుంది. సౌర ప్రింటరు మార్కెట్లో నిలిచే సరుకు కాలేకపోయింది.

నిలిచింది ఇంకొకటి. 2011 నవంబరులో ‘మీ సేవ’ చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. డిజిటల్ సంతకంతో అడంగల్, కులం, ఆదాయ ధ్రువపత్రాలు ఇచ్చే ఈ పద్ధతిలో తహసీల్దారు కార్యాలయానికీ జనానికీ మధ్య ప్రైవేటు కేంద్రం నడిపేవాడు వచ్చాడు. కాగితానికింత అని రుసుము తీసుకునే ఈ చిన్న వ్యాపారి ఎనిమిదేళ్లు బాగానే బతికాడు. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు అవే సేవలు మొదలుపెట్టేసరికి అతని గిరాకీ పడిపోయింది. 2025 జనవరి 30న వచ్చిన ‘మన మిత్ర’తో ఆ సేవల్లో చాలా భాగం వాట్సాప్‌లోకి చేరింది. ఊళ్లో కేంద్రం నడిపేవాడికి పోయే రుసుము దారి మూసుకుపోతోంది. సేవ నడిచే వేదిక ఇప్పుడు మెటా కంపెనీది. షుంపీటర్ చెప్పిన విధ్వంసం జిల్లాలో కళ్లకు కట్టేది ఫ్యాక్టరీలో కాదు, ఈ మీ సేవ కేంద్రాల వరసలోనే.

బ్యాటరీ

డిజిటల్, హరిత మార్పులు రెండింటికీ ఉమ్మడిగా కావలసిన సరుకు ఒక్కటే, బ్యాటరీ. దాన్ని తయారు చేసే పెద్ద దేశీయ కంపెనీ ఒకటి ఈ నేల మీదే పుట్టింది. పేటమిట్ట గ్రామానికి చెందిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగివచ్చి 1985లో స్థాపించిన సంస్థ అమరరాజా. రేణిగుంట–కడప రోడ్డు పక్కన కరకంబాడి దాని కేంద్రం. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవారు వర్తకం మెట్టు దాటకుండానే నేరుగా పరిశ్రమ పెట్టడం ఆ రోజుల్లో రాయలసీమలో అరుదు. 1990ల చివర అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్ వాటాదారుగా చేరింది. వాహనాల కోసం ‘అమరాన్’ పేరు వచ్చింది. ఆ భాగస్వామ్యం 2019లో ముగిసింది.

వాహనాల బ్యాటరీతో పేరొచ్చినా, సంస్థ ఎదుగుదలలో టెలిఫోన్ పాత్ర పెద్దది. సెల్‌ఫోన్ టవరు 48 వోల్టుల మీద నడుస్తుంది. కరెంటు పోయినప్పుడు దాన్ని నిలబెట్టేది రెండేసి వోల్టుల సెల్లులు ఇరవై నాలుగు వరసగా కలిపిన బ్యాటరీ బ్యాంకు. డిస్టిల్డ్ వాటర్ పోయనక్కరలేని సీల్డ్ బ్యాటరీలే అక్కడ పనికొస్తాయి, ఎందుకంటే గుట్ట మీద టవరు దగ్గర నెలనెలా నీళ్లు పోసేవాడు ఉండడు. 1990ల చివరి నుంచి టవర్లు పెరిగిన కొద్దీ ఈ సీల్డ్ బ్యాటరీలకు గిరాకీ పెరిగింది. మేఘాల్లో తేలుతున్నట్టు మాట్లాడుకునే డిజిటల్ ఆర్థిక వ్యవస్థ కింద ఇంత బరువైన సీసం ఉందని తరచూ మరిచిపోతారు.

సీసం పని శుభ్రమైన పని కాదు. సీసాన్ని కరిగించి జల్లెడ వంటి పలకలు పోస్తారు. వాటికి సీసపు ఆక్సైడు ముద్ద మెత్తి ఆరబెడతారు. తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఛార్జి ఎక్కిస్తారు. ఆక్సైడు పొడి గాలిలో కలిసే అవకాశం చాలా మెట్లలో ఉంటుంది. అందుకే కార్మికుల రక్తంలో సీసం ఎంత ఉందో క్రమంగా పరీక్షించడం ఈ పరిశ్రమలో తప్పనిసరి. 2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, చిత్తూరు దగ్గరి నూనెగుండ్లపల్లి కర్మాగారాలను మూసేయమని ఉత్తర్వులిచ్చింది. మే మొదటి వారంలోనే హైకోర్టు వాటిని సస్పెండ్ చేసింది. సంస్థ పగ్గాలు పట్టిన గల్లా జయదేవ్ అప్పటికి ప్రతిపక్ష తెలుగుదేశం ఎంపీ కావడంతో వ్యవహారం రాజకీయ కక్ష అని ఒక వాదన, సీసం కాలుష్యం రాజకీయం చేస్తే పోయే సమస్య కాదని ఇంకో వాదన నడిచాయి. ఎవరి మాటలో ఎంత నిజమన్నది కోర్టు కాగితాలకు వదిలేయవచ్చు. హరిత సరుకు అనిపించుకున్నది తయారయ్యే చోటు హరితంగా ఉండనక్కరలేదన్నది మాత్రం ఆ వివాదంతో ఊళ్లోకి వచ్చిన సంగతి. కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు, పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారు మీదే పెట్టాయి. సీసాన్ని దాదాపు మొత్తం తిరిగి కరిగించి వాడుకోవచ్చు కనుక ఈ బాధ్యత కొంత లాభసాటి కూడా.

సీసం నుంచి లిథియానికి మారే సమయం వచ్చేసరికి కథ జిల్లా దాటిపోయింది. 2022 డిసెంబరులో అమరరాజా తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో పదేళ్లలో 9,500 కోట్ల రూపాయలతో లిథియం సెల్లుల కర్మాగారం పెడతామంది. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఆ ఏడాదే కంపెనీ పేరు అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీ అయింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుల పరిజ్ఞానం కోసం 2024లో చైనా మూలాలున్న గోషన్‌కు చెందిన భాగస్వామ్య సంస్థతో లైసెన్సు ఒప్పందం కుదిరింది. స్థానిక పెట్టుబడికి కూడా స్థలాభిమానం ఒక హద్దు వరకే. రెండు తెలుగు రాష్ట్రాలు ఒకే కంపెనీ కోసం పోటీపడుతుంటే బేరం ఆడే చేయి కంపెనీదే అవుతుంది.

తిరుపతిలో లిథియం సెల్ అసలు లేదని కాదు. చెన్నైకి చెందిన మునోత్ ఇండస్ట్రీస్ 165 కోట్ల రూపాయలతో కట్టిన చిన్న కర్మాగారంలో ప్రయోగాత్మక ఉత్పత్తిని 2022 సెప్టెంబరులో కేంద్ర మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ ప్రారంభించారు. పవర్ బ్యాంకుల్లో వాడే సెల్లులు దాని లక్ష్యం. కారు నడిపే సెల్లుకు అది దూరం.

చెన్నై పక్క నేల

ఉమ్మడి జిల్లా తూర్పు అంచు రాష్ట్రం రీత్యా ఆంధ్ర, పరిశ్రమల రీత్యా చెన్నై శివారు. 2008లో సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో ప్రత్యేక ఆర్థిక మండలిగా మొదలైన శ్రీసిటీ చెన్నైకి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడరేవులు తమిళనాడువి, భూమి ధర, రాయితీలు ఆంధ్రవి. ఈ లెక్క చూసుకునే కంపెనీలు వచ్చాయి. చెన్నై మెట్రో బోగీల కోసం ఆల్‌స్టామ్ వచ్చింది. 2016లో ఇసుజు వచ్చింది.

సెల్‌ఫోన్ల విషయంలో ఈ సరిహద్దు లెక్క ఇంకా స్పష్టం. 2014 నవంబరులో శ్రీపెరుంబుదూరులో నోకియా కర్మాగారం మూతపడింది. దానికి భాగాలు అందించే ఫాక్స్‌కాన్ యూనిట్ కూడా ఆ వెంటనే ఆగింది. 2015 ఆగస్టులో అదే ఫాక్స్‌కాన్ శ్రీసిటీలో షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది. మొదటి ఫోనును విశాఖపట్నంలో విడుదల చేశారు. ఆపైన సుంకాలు తోడయ్యాయి. దిగుమతి అయ్యే ఫోను మీద 2017 జులైలో 10 శాతం, డిసెంబరులో 15 శాతం, 2018 బడ్జెట్లో 20 శాతం. బయటి నుంచి తెచ్చిన ఫోను కన్నా ఇక్కడ బిగించిన ఫోను చవక అయింది. రేణిగుంట విమానాశ్రయం దగ్గరి ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్లలో డిక్సన్ టీవీలు, సీసీ కెమెరాలు బిగించింది. టీసీఎల్ సంస్థ డిస్‌ప్లే ప్యానళ్లకు దిగింది. ఆ క్లస్టర్లలోని కొన్ని యూనిట్లను 2022 జూన్ 23న ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు.

అయితే రాయితీ కోసం వచ్చిన పెట్టుబడి రాయితీ వెంటే నడుస్తుంది. సీసీ కెమెరాల తయారీ తర్వాత కడప జిల్లా కొప్పర్తికి తరలింది. 2018లో ముకేశ్ అంబానీ ప్రకటించిన జియో ఎలక్ట్రానిక్స్ పార్కు తిరుపతిలో ప్రకటన దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ జరిగే పనిలో ఎక్కువ భాగం బిగింపే అన్నది కూడా దాచలేనిది. చిప్పు, ప్యానెల్ గాజు, సెల్లు రసాయనాలు బయటి నుంచే వస్తాయి, పేటెంటు బయటే ఉంటుంది.

ఎయిర్ కండిషనర్ల కథ విచిత్రమైనది. 2020 అక్టోబరు 15న కేంద్రం రిఫ్రిజిరెంట్ నింపిన ఏసీల దిగుమతిని నిషేధించింది. 2021లో ఏసీ భాగాలకు, ఎల్ఈడీ దీపాలకు 6,238 కోట్ల రూపాయల ఉత్పత్తి ప్రోత్సాహక పథకం వచ్చింది. 2023 గడిచేలోపు బ్లూ స్టార్, డైకిన్, హావెల్స్‌కు చెందిన లాయిడ్ శ్రీసిటీలో ఏసీలు తయారు చేస్తున్నాయి. 2025 మే 8న ఎల్జీ సుమారు 5,000 కోట్ల రూపాయల కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. ఎండలు ముదిరేకొద్దీ పెరిగే గిరాకీ ఇది. భూతాపాన్ని పెంచే పాత వాయువు ఆర్-410ఏ స్థానంలో దాని ప్రభావంలో మూడో వంతు కూడా లేని ఆర్-32 వాడుతున్నారు కనుక ఇది హరిత పరిశ్రమే అంటారు. బొగ్గు కరెంటుతో కోట్ల ఏసీలు తిరుగుతుంటే వాయువు మార్పు ఒక్కటే ఎంత ఆదుకుంటుందన్నది వేరే లెక్క.

కొండ

తిరుపతి ఊరి ఆర్థిక వ్యవస్థకు ఇరుసు తిరుమల. ఊరివాళ్లు దాన్ని కొండ అనే అంటారు. 2002లో అక్కడి అన్నదానం వంటశాలకు సౌర ఆవిరి వ్యవస్థ పెట్టారు. డిష్‌లు ఎండను ఒక చోటికి మళ్లించి నీటిని ఆవిరి చేస్తే, ఆ ఆవిరితో రోజుకు 15,000 మందికి వండేలా దాన్ని రూపొందించారు. గాలిమరలు కూడా కొండల మీద ఏళ్లుగా తిరుగుతున్నాయి. దాతలు, ప్రభుత్వ రాయితీలు కలిసి పెట్టించినవి కాబట్టి వీటిలో లాభం లెక్క తక్కువ.

లాభం లెక్క ఘాట్ రోడ్డు మీద ఉంది. 2022 సెప్టెంబరు 27న అలిపిరి దగ్గర ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాయి. మొత్తం ఒప్పందం వంద బస్సులకు. బస్సులు ఆర్టీసీవి కావు. ఒలెక్ట్రా తయారు చేసిన బస్సును దాని అనుబంధ సంస్థ సొంతం చేసుకుని నడుపుతుంది, ఆర్టీసీ కిలోమీటరుకింత చెల్లిస్తుంది. కేంద్రం ఫేమ్-2 పథకం కింద రాయితీ ఇచ్చింది. డీజిలు పొగ తగ్గింది. బస్సు డ్రైవరును నియమించేది, బస్సును బాగుచేసేది, దాని మీద వడ్డీ కట్టేది ప్రైవేటు సంస్థ అయింది. రెండో ఘాట్ రోడ్డులో ఎక్కి మొదటి ఘాట్ రోడ్డులో దిగే ఈ బస్సు, దిగేటప్పుడు బ్రేకు వేసిన ప్రతిసారీ కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. ఆర్టీసీ గ్యారేజీ మెకానిక్ దశాబ్దాలుగా నేర్చుకున్న ఇంజను పనికి ఇందులో చోటు లేదు.

డిజిటల్ వైపు చూస్తే 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెల నెలా ఆన్‌లైన్‌లో పెడితే నిమిషాల్లో అయిపోతాయి. క్యూలో ఉండే దళారి పోతాడనుకున్నారు. అతను వెబ్‌సైటుకు మకాం మార్చాడు. తిరుమల తిరుపతి దేవస్థానాల (టీటీడీ) పేరుతో నడిచిన నకిలీ సైట్లపై వరసగా కేసులు పెట్టవలసి వచ్చింది. కల్యాణకట్టలో పోగయ్యే తలనీలాల సంగతి దీనికి ఎదురు. 2011లో వాటికి ఈ-వేలం పెట్టడంతో ఎక్కడి నుంచైనా కొనుగోలుదారులు నేరుగా పాట పాడే వీలు కలిగింది. ఒకే పరికరం ఒక చోట దళారిని పెంచింది, ఇంకో చోట పక్కకు నెట్టింది. తేడా అంతా అమ్మే సరుకు కొరతలో ఉంది.

పాలు, బోరు

కరువు జిల్లాలో చిన్న రైతు నెలవారీ డబ్బు చూసేది పాలతోనే. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. ఎందుకు మూతపడిందన్నది ఈ జిల్లా రాజకీయాల్లో నేటికీ తెగని వాదన. 1992లో పుట్టిన హెరిటేజ్, మరికొన్ని ప్రైవేటు డెయిరీలు ఆ చోటును పంచుకున్నాయి. 2014లో జాతీయ డెయిరీ అభివృద్ధి మండలి తోడ్పాటుతో, మహిళలే సభ్యులుగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడింది.

పాల కేంద్రంలో జరిగే డిజిటల్ మార్పు ఫ్యాక్టరీలో కన్నా లోతైనది. తెల్లవారి బిందెతో వచ్చిన ఆవిడ పాలు కాటాలో పోస్తే తూకం తెర మీద పడుతుంది. చెంచాడు నమూనా యంత్రం పీల్చుకుని వెన్న శాతం, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం (ఎస్ఎన్ఎఫ్) చెబుతుంది. లీటరు ధర ఆ రెండు అంకెల మీదే తేలి, చీటీ బయటకొస్తుంది. డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. పాలు చేత్తో తాకి, ముక్కుతో చూసి ధర కట్టే సెక్రటరీ పెత్తనం తగ్గింది. ఖాతా ఆవిడ పేరున ఉండడం ఇంట్లో కొంత మార్పు తెచ్చింది. యంత్రం సరిచూసే అధికారం మాత్రం కొనేవాడి దగ్గరే ఉంది.

నీటి విషయంలో, 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక బోర్లు ఇంకా లోతుకు పోయాయి. అంతకు ముందే 2003లో సూక్ష్మ సేద్య పథకంతో డ్రిప్ వచ్చింది. రాయితీ రైతు పేరు మీద మంజూరై పరికరాల కంపెనీకి చేరుతుంది. ఆదా అయిన నీటితో రైతు ఇంకో ఎకరా టమాటా వేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం, భూగర్భ జలం మాత్రం పెరగదు. ఉచిత కరెంటు భారాన్ని సౌర విద్యుత్తుతో దించుకోవాలని రాష్ట్రం 2021 డిసెంబరులో కేంద్ర సంస్థ సెకితో యూనిట్ 2.49 రూపాయలకు 7,000 మెగావాట్ల ఒప్పందం చేసుకుంది. తర్వాత అది పెద్ద వివాదంలో చిక్కింది. ఆ ఒప్పందం గురించి వాదించుకున్నవారిలో ఎక్కువమంది రైతులు కారు. ఇళ్ల వైపు చూస్తే, 2025 జనవరిలో కుప్పం మండలం నడిమూరులో ఇళ్లన్నిటికీ పైకప్పు సౌర పలకలు పెట్టే పని మొదలైంది.

శ్రమ

శ్రీసిటీ, రేణిగుంట బిగింపు పనుల్లో ఎక్కువమంది మహిళలు. చుట్టుపక్కల మండలాల నుంచి, సరిహద్దు దాటి తమిళ ఊళ్ల నుంచి కంపెనీ బస్సులు వారిని తెచ్చి దింపుతాయి. ఇంటర్ లేదా ఐటీఐ చదివి, పెళ్లికి ముందు నాలుగేళ్లు పనిచేసే అమ్మాయిలన్నది యాజమాన్యాలు మనసులో పెట్టుకున్న లెక్క. కాంట్రాక్టు ఏజెన్సీ ద్వారా తీసుకుంటే ఆర్డరు తగ్గినప్పుడు తగ్గించుకోవడం తేలిక. ఫోన్ల వ్యాపారంలో ఆర్డర్లు పండగ సీజనుకు పెరిగి తర్వాత పడిపోతాయి. కాబట్టి ఈ ఉద్యోగం కూడా వ్యవసాయ కూలిలా సీజనుదే, కాకపోతే ఏసీ గదిలో ఉంటుంది. భూములిచ్చిన ఊళ్ల పెద్దవయసువారికి తోటపని, కాపలా, క్యాంటీను మిగిలాయి.

2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం కర్మాగారాల్లో రోజు పనిగంటల గరిష్ఠ పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచడానికి, మహిళలను రాత్రి షిఫ్టుల్లో అనుమతించడానికి ఆమోదం తెలిపింది. పెట్టుబడులు రావడానికి ఇది అవసరమని ప్రభుత్వం అంది, కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. సుంకం, భూమి, రాయితీలతో పాటు పనిగంట కూడా బేరంలోకి వచ్చిందన్నమాట. తమిళనాడు 2023లో పన్నెండు గంటల పనిదినానికి బిల్లు ఆమోదించి, నిరసనల తర్వాత వెనక్కి తీసుకుంది. సత్యవేడుకు వచ్చే కంపెనీలు రెండు రాష్ట్రాల చట్టాలనూ పక్కపక్కన పెట్టుకునే చదువుతాయి.